మూడు వంతెనలు, ఒక లెన్స్: గోదావరి ఒడ్డు ఫొటో డైరీ

నవంబరు, కార్తీకం

అనుకున్నది ఇదీ. రాజమండ్రికీ కొవ్వూరుకీ మధ్య గోదావరి మీదున్న మూడు రైలు వంతెనలను ఏడాది పొడుగునా ఫొటోలు తీయాలి. లెన్స్ ఒకటే. ఏ మూలనైనా సరే, ప్రతి ఫొటోలోనూ వంతెన కనిపించి తీరాలి. చివరికి ఓ డజను ఎంచి 12×18 అంగుళాల సైజులో ప్రింటు వేయించాలి. ఫోన్లో ఉన్న ఫొటోలకి లెక్కా పత్రం లేదు. కాగితం మీద అయితే ఏది ఉంచాలో ఏది తీసేయాలో తేల్చుకోక తప్పదు, నాకు కావలసింది అదే.

ఉండేది కొవ్వూరు, ఉద్యోగం రాజమండ్రి. పొద్దున, సాయంత్రం స్కూటీ మీద నది దాటుతూనే ఉంటాను. కాబట్టి ఈ ప్రాజెక్టుకి సెలవు పెట్టక్కర్లేదు, అరగంట ముందు బయల్దేరితే చాలు.

కెమెరా నికాన్ డి5600, సెకండ్ హ్యాండ్. లెన్స్ 35 ఎంఎం ఎఫ్/1.8. జూమ్ ఇంట్లోనే ఉంచేశాను. డజను ఫొటోలు పక్కపక్కన గోడకి పెట్టినప్పుడు అన్నీ ఒకే కంటితో చూసినట్టుండాలి, అందుకు. పైగా ఈ లెన్స్ 200 గ్రాములు, హ్యాండ్‌బ్యాగులో టిఫిన్ బాక్సు పక్కన ఇరుక్కుంటుంది.

వంతెనల సంగతి తెలియనివాళ్ళ కోసం. అన్నిటికన్నా పాతది హేవ్‌లాక్ వంతెన. అప్పటి మద్రాసు గవర్నరు పేరు పెట్టారు, 1900లో రైళ్ళకి తెరిచారు, 1997 దాకా దాని మీద రైళ్ళు నడిచాయి, ఇప్పుడు ఖాళీగా ఉంది. రెండోది 1974లో వచ్చిన రోడ్డు కం రైలు వంతెన, కింద రైలు, పైన రోడ్డు. నా స్కూటీ వెళ్ళేది దాని మీదే. మూడోది కమానుల వంతెన, అదే ఆర్చ్ బ్రిడ్జి. 28 కమానులు, ఒక్కోటీ 97 మీటర్ల పైచిలుకు, కాంక్రీటు కమానులు. రాజమండ్రి అనగానే క్యాలెండర్ల మీదా స్వీట్ల డబ్బాల మీదా ఉండేది ఇదే. 2015 పుష్కరాల ఏడాది వచ్చిన నాలుగో వంతెన కూడా ఉంది. అది రోడ్డుకి మాత్రమే, ఊరికి ఎగువన దూరంగా ఉంటుంది. దాన్ని లెక్కలో పెట్టుకోలేదు.

మొదటి పని పుష్కర ఘాట్‌లో, తెల్లవారుజామున. అరటి దొప్పల్లో దీపాలు వదిలే వేళ. సెట్టింగులు రాసిపెట్టుకుంటున్నాను, వచ్చే కార్తీకానికి పనికొస్తాయి: ఎఫ్/1.8 (లెన్స్ ఎంత తెరిచానో, అంకె తగ్గేకొద్దీ వెనకది మసకవుతుంది), 1/60 (సెకనులో ఎన్నో వంతు వెలుతురు తీసుకున్నానో), ఐఎస్ఓ 3200 (సెన్సరు వెలుతురుకి ఎంత స్పందించాలో). వైట్ బ్యాలెన్స్, అంటే వెలుతురు రంగుని సరిచేసే సెట్టింగు, ఆటోలో వదిలేస్తే కెమెరా ఒక్కో ఫొటోకి ఒక్కో నిర్ణయం తీసుకుంటోంది. చేత్తో 3300 కెల్విన్ దగ్గర పెట్టాను. దీపం పసుపుగానే ఉంది, ఆకాశం మాత్రం చిక్కటి నీలం అయింది. వెనక కమానుల మీద రైలు వెళ్తే కిటికీల వెలుతురు ఒక చుక్కల వరసగా పడుతుంది.

స్నానాలు చేసేవాళ్ళ మీదికి కెమెరా ఎత్తను. అక్కడ పెద్ద పెద్ద లెన్సులతో తడిచీరల మీద గురిపెట్టి నిలబడే పెద్దమనుషులు ప్రతి ఏడాదీ ఉంటారు, దానికి స్ట్రీట్ ఫొటోగ్రఫీ అని పేరు కూడా పెట్టుకుంటారు. నేను తీస్తున్నది చేతులు, దొప్పలు, ఒత్తులు. ఒకావిడ తన దీపం కొండెక్కుతుంటే చెయ్యి అడ్డం పెట్టి, "తియ్యమ్మా, తొందరగా తియ్యి, గాలొస్తోంది" అని తనే చెప్పింది. ఆ చెయ్యి బాగా వచ్చింది. వెనక వంతెన మసగ్గా ఉంది, ఫర్వాలేదు, ఉందని తెలుస్తోంది.

డిసెంబరు

కమానులోంచి సూర్యాస్తమయం. ఇది తీయకుండా రాజమండ్రి ఫొటోగ్రాఫరు ఎవరూ ఉండరు. నేనూ తీస్తాను, కానీ లెక్క చూసుకుని.

రాజమండ్రి గోదావరికి తూర్పు ఒడ్డున ఉంది. అందుకని ఇక్కడి నుంచి అస్తమయాలు, కొవ్వూరు నుంచి ఉదయాలు. ఇంత సులువైన విషయం మీద ఇక్కడివాళ్ళే పందేలు కాస్తారు. ఇక సూర్యుడు రోజూ ఒకే చోట దిగడు. డిసెంబరు 21 ప్రాంతంలో సరిగ్గా పడమర కన్నా దాదాపు 25 డిగ్రీలు ఎడమకి, నైరుతి పక్కకి దిగుతాడు. జూన్ 21కి దాదాపు అంతే కుడికి, వాయవ్యం పక్కకి. మొత్తం 50 డిగ్రీలకి కొంచెం తక్కువ. నా కెమెరాలో ఈ లెన్స్ అడ్డంగా చూడగలిగేది 37 డిగ్రీలే. అంటే ఒకే చోట ముక్కాలిపీట వేసి ఏడాదంతా ఒకే ఫ్రేములో సూర్యుణ్ణి పట్టాలంటే కుదరదు, కొసలు బయటికి పోతాయి.

ఒకే కమాను వెనక సూర్యుడు ఉండాలంటే నేను కదలాలి. సూర్యుడు కుడికి జరిగితే నేను ఎడమకి. అంటే ఉత్తరాయణం పొడుగునా నేను దిగువకి నడుస్తూ పోవాలి. ఇది కాగితం మీద గీసి చూసుకున్నాక, ఏ వారం ఎక్కడ నిలబడాలో గుర్తులు పెట్టుకోవడం తేలికైంది. అరటిపళ్ళ బండి, కరెంటు స్తంభం, మెట్ల మీద పెచ్చు ఊడిన చోటు, ఇవే నా గుర్తులు.

ఇంకో లెక్క కూడా. ఇన్‌స్టాగ్రామ్‌లో కమాను నిండా పళ్ళెమంత సూర్యుడు ఉంటాడే, అది 35 ఎంఎం లెన్స్‌తో రాదు. ఆకాశంలో సూర్యుడి వెడల్పు అర డిగ్రీ. నా 24 మెగాపిక్సెళ్ళ ఫొటోలో అది ఎనభై పిక్సెళ్ళకి కాస్త ఎక్కువ. 18 అంగుళాల ప్రింటులో పావు అంగుళం. పెద్ద సూర్యుడు కావాలంటే 400, 600 ఎంఎం లెన్స్ పట్టుకుని బాగా వెనక్కి వెళ్ళాలి. నాకు చిన్న సూర్యుడే నచ్చాడు. కంటికి కనిపించేది అంతే కదా.

ఒక జాగ్రత్త. ఇది అద్దం ఉన్న కెమెరా. వ్యూఫైండర్‌లో కన్ను పెట్టి సూర్యుణ్ణి నేరుగా చూడకూడదు. స్క్రీన్ మీద చూసుకుంటూ తీస్తున్నాను. ఎక్స్‌పోజర్ మైనస్ ఒకటి, అంటే కెమెరా అనుకున్నదాని కన్నా ఒక మెట్టు చీకటి. నీడలు ఎలాగూ రా ఫైల్లోంచి (కెమెరా సరిదిద్దకుండా ఇచ్చే ఫైలు) పైకి తేవచ్చు, తెల్లగా కాలిపోయిన ఆకాశాన్ని ఎవరూ తేలేరు.

జనవరి

పొగమంచు. కొవ్వూరు గోష్పాద క్షేత్రం వైపు నుంచి పొద్దున్నే. వెలుతురు కొలిచే కెమెరా మీటరుకి ప్రపంచమంతా మధ్యస్థమైన బూడిద రంగు అని నమ్మకం. మంచుని కూడా బూడిద చేసిపెడుతుంది. ప్లస్ ఒకటి పెడితే తెల్లదనం వస్తోంది. హేవ్‌లాక్ గడ్డర్లు నాలుగైదు కనిపించి, తర్వాత ఏమీ లేకుండా పోయే ఫొటో ఒకటి వచ్చింది. డజనులో దీనికి చోటు ఉంటుందనిపిస్తోంది.

భోగి మంట ఫొటోలు బ్రహ్మాండంగా వచ్చాయి. మా వీధిలోంచి వంతెన కనిపించదు. నియమం నియమమే, పక్కన పెట్టాను.

సంక్రాంతి వెళ్ళాక

విశాఖపట్నం వెళ్ళి రావలసిన పని పడింది. రైల్లో కమానుల వంతెన దాటేటప్పుడు తీయడం మొదటిసారి. ఏసీ బోగీలో ప్రయోజనం లేదు, అద్దం మీద దుమ్మూ మన నీడా. స్లీపరులో కిటికీ పక్కన కూర్చున్నాను. తలుపు దగ్గర వేలాడుతూ తీసేవాళ్ళున్నారు. ఆ ఫొటో ఎంత బాగా వచ్చినా నాకు అక్కర్లేదు.

పట్టాల మీదికి దిగి తీయడం కూడా అంతే. రైల్వే చట్టం 147 సెక్షన్ కింద అది నేరం. ఖాళీగా ఉంది కదా అని హేవ్‌లాక్ మీదికి ఎక్కే కుర్రాళ్ళని చూస్తే నాకే టెన్షన్.

కిటికీలోంచి తీస్తే ఒక చిక్కు. కమానుని పట్టుకుని ఉన్న నిలువు కడ్డీలు మీటరు దూరంలోనా అన్నట్టు కళ్ళ ముందు నుంచి దూసుకుపోతుంటాయి. 1/1000లో తీస్తే కడ్డీ స్పష్టంగా నది మధ్యలో అడ్డం నిలబడుతుంది. ఏ ఫొటోలో కడ్డీ పడుతుంది, ఏ ఫొటోలో పడదన్నది పూర్తిగా అదృష్టం. 1/15కి తగ్గించి చూశాను. దగ్గరున్న కడ్డీలన్నీ చెరిగిపోయి పల్చటి తెరలా మిగిలాయి, దూరంగా ఉన్న నదీ ఒడ్డూ దాదాపు నిలకడగా ఉన్నాయి. రైలు కుదుపుకి కొంచెం వణుకు తప్పదు. నాకు ఈ రెండోదే నచ్చింది. వంతెన మీద ఉన్నట్టు తెలుస్తోంది, వంతెన అడ్డం రావడం లేదు.

అసలు ఫొటో మాత్రం అది కాదు. ఎదురు సీటులో ఒక మామ్మగారు కొంగు ముడి విప్పి రూపాయి బిళ్ళ తీశారు. గోదావరి వస్తే బిళ్ళ వేయడం ఎంత పాత అలవాటో తెలుసు కదా. "మామ్మగారూ, మీ చెయ్యి ఫొటో తీసుకోనా అండీ?" అంటే, "చెయ్యేగా, తీసుకో. నా మొహం మాత్రం పేపర్లో వెయ్యకు" అన్నారు. కిటికీ కడ్డీల మధ్య నుంచి ముడతల చెయ్యి, వేళ్ళ కొసన బిళ్ళ, వెనక కరిగిపోయిన కమాను. 1/250, ఎఫ్/4. బిళ్ళ వదిలిన క్షణం కాదు, వదలబోయే ముందుది. వదిలిన తర్వాతది కూడా ఉంది, అందులో ఉత్త చెయ్యి.

ఇంటికొచ్చి ఈ ఫొటో పెద్ద స్క్రీన్ మీద పెట్టుకుని చాలాసేపు చూశాను. ఈ బిళ్ళ ఎక్కడికి వెళ్తుంది?

ఫిబ్రవరి

ఎక్కడికి వెళ్తుందో ఘాట్లలో తిరిగేవాళ్ళకి అందరికీ తెలుసు. తాడు కొసన పెద్ద అయస్కాంతం కట్టి నీళ్ళలోకి విసిరి లాగుతుంటారు. పాత లౌడ్ స్పీకర్లలోంచి తీసిన గుండ్రటి అయస్కాంతాలు. ఒక్కోసారి నాలుగైదు కలిపి కడతారు.

అలా అయస్కాంతం విసిరే ఒకాయన్ని కదిలించడానికే కొంత కాలం పట్టింది. కెమెరా తీయకుండా మెట్ల మీద కూర్చుని టీ తాగుతూ ఉన్నాను. బాబాయ్ అని పిలవడం మొదలుపెట్టాక ఆయనే చెప్పుకొచ్చారు. ఇప్పటి రూపాయి, రెండు రూపాయల బిళ్ళలు స్టెయిన్‌లెస్ స్టీలు, అందుకే అతుక్కుంటాయి. పాత రాగి కాణీలూ, అల్యూమినియం అయిదు పైసలూ, పది పైసలూ అతుక్కోవు. అవి కావాలంటే మునిగి ఇసుక తవ్వి జల్లించాలి. "ఆయ్, ఆ రోజులు వేరండి. మా నాన్న మునిగేవోడు. నాకు ఊపిరాగదు, అందుకే తాడు" అన్నారు. మేకులు, తాళంకప్పలు, నట్లు, సైకిలు చైను ముక్క, ఇవన్నీ కూడా వస్తాయి. పాత ఇనుము కొట్టుకి వేస్తారు. దేవుడి బొమ్మలు వస్తే తిరిగి నీళ్ళలో వేసేస్తారు.

"ఫొటో తీసుకోనా బాబాయ్?" అని అడిగితే ఆయన ఆలోచించి, "నా మొహం ఎందుకండి, అయస్కాంతం తియ్యండి. పని చేసేది అదే" అన్నారు.

తీశాను. నీళ్ళు కారుతున్న అయస్కాంతం, దాని అంచుల చుట్టూ ముళ్ళు లేచినట్టు నిలబడ్డ బిళ్ళలు, వెనకాల కమానుల వరస. ఎఫ్/8లో తీస్తే వంతెన మరీ స్పష్టంగా వచ్చి పోటీ పడుతోంది. ఎఫ్/2.8కి వెళ్తే అయస్కాంతం ముందు భాగం మాత్రమే పదునుగా ఉండి, వెనక అంచు జారిపోతోంది. ఎఫ్/4.5 దగ్గర కుదిరింది. వెలుతురు కోసం పొద్దున ఎనిమిది గంటల వేళ ఎంచుకున్నాను, సూర్యుడు నా వెనకాల, కొంచెం పక్కగా ఉండేలా. రత్నాచల్ ఎక్స్‌ప్రెస్ వంతెన దాటే వేళ కూడా అదే. రైలు ఉన్న ఫ్రేము, లేని ఫ్రేము రెండూ ఉన్నాయి. రైలు ఉన్నదాంట్లో పైన బిళ్ళ వేసేవాళ్ళూ కింద తీసేవాళ్ళూ ఒకే ఫొటోలో ఉన్నారన్నమాట. పైవాళ్ళు కనిపించరనుకోండి.

మాక్సీ సైజు, అంటే చేతిలో ఇమిడే చిన్న ప్రింట్లు రెండు వేయించి ఇచ్చాను. ఇది నాకు నేను పెట్టుకున్న ఇంకో పద్ధతి. ఎవరి పనిని తీస్తానో వాళ్ళకి ప్రింటు అందాలి. వాట్సాప్‌లో పంపితే వాళ్ళు చూస్తారు, అంతే. కాగితమైతే ఇంట్లో పెడతారు.

ఈ ఫొటో, మామ్మగారి చెయ్యి ఫొటో పక్కపక్కన పెట్టాలి. అప్పటిదాకా నేను వంతెన ఫొటోలు తీస్తున్నాననే అనుకున్నాను. ఈ రెండూ వచ్చాక చూపు మారింది. వంతెన అందంగా ఉందన్న సంగతి క్యాలెండర్ల వాళ్ళు ఎప్పుడో చెప్పేశారు. వంతెన పైనా కిందా ఏం జరుగుతోందన్నది మాత్రం నేను చూసి తీయాలి.

మార్చి

ఎన్‌డీ ఫిల్టరు ప్రయోగం. పది స్టాపుల నల్లద్దం, ఒక్కో స్టాపుకీ వెలుతురు సగమవుతుంది. 1/60 రావలసిన చోట దాదాపు 17 సెకన్లు పడుతుంది. పారే నీళ్ళన్నీ నునుపుగా అయిపోయి వంతెన స్తంభాలు గాల్లో తేలినట్టుంటాయి. స్నేహితులంతా ఆహా అన్నారు. ఇది స్విట్జర్లాండు సరస్సు అని చెప్పినా నమ్ముతారు. గోదావరికి ఒక చిన్న అల ఉంటుంది, గాలికి పొద్దున ఒక తీరు, సాయంత్రం ఒక తీరు. అది పోయాక ఇంకేముంది? పక్కన పెడుతున్నాను, కానీ ఇంట్లోవాళ్ళ అభిప్రాయం కూడా తీసుకుంటాను.

ఏప్రిల్

పడవ. దీనికీ లెక్కే కారణం. ఒక్క కమాను, 97.5 మీటర్లు, నా ఫ్రేము వెడల్పంతా నిండుగా ఎదురుగా రావాలంటే ఎంత దూరంలో నిలబడాలి? సెన్సరు వెడల్పు 23.5 మిల్లీమీటర్లు, లెన్స్ 35. వేస్తే 145 మీటర్లు. ఒడ్డున ఎక్కడ నిలబడినా కమానులు ఏటవాలుగా, ఒకదాని వెనక ఒకటి ఒదిగి కనిపిస్తాయి. ఎదురుగా ఒక్కటే కావాలంటే నది మధ్యకి వెళ్ళాల్సిందే.

చేపల పడవ ఆయన పొద్దున వల తీసే వేళకి రమ్మన్నారు. "మేడంగారండి, మీరు నిలబడకూడదండి. ఆ డబ్బా నీళ్ళలో పడితే నేను దూకనండి" అని ముందే ఒప్పందం. పడవలో ముక్కాలిపీట దండగ, పడవతో పాటు అదీ ఊగుతుంది. 1/800కి తగ్గకుండా, మోకాళ్ళ మీద మోచేతులు ఆనించి తీశాను. కమాను కిందికి వెళ్తే పైన రైలు వచ్చింది. చప్పుడు కాంక్రీటులోంచి నీళ్ళలోకి దిగి పడవ చెక్కల్లో తెలుస్తుంది. ఫొటోలో చప్పుడు రాదు కాబట్టి దీని గురించి ఇక్కడే రాస్తున్నాను.

ఎదురు కమాను ఫొటో వచ్చింది. కొలతకి సరిగ్గా వచ్చింది. చూస్తే ఇంజినీరింగు డ్రాయింగులా ఉంది. దానికన్నా వల దులుపుతున్న ఆయన భుజం మీదుగా, పక్కకి ఒరిగిన కమాను కనిపించే ఫ్రేము బాగుంది. ఆ 145 మీటర్ల లెక్క లేకపోతే పడవ ఎక్కేదాన్ని కాదు, కాబట్టి లెక్క మీద నాకు కోపం లేదు.

దిగువన ధవళేశ్వరం బ్యారేజీ నీళ్ళు ఆపి ఉంచుతుంది కాబట్టి ఊరి దగ్గర గోదావరి మరీ ఎండిపోదు. ఇసుక మేటలు మాత్రం తేలుతున్నాయి.

మే

ఎండలో బయటికి వెళ్ళడానికి ఒకే ఒక కారణం, నీడ లేని రోజు. మన ఊరు దాదాపు 17 డిగ్రీల ఉత్తర అక్షాంశం మీద ఉంది. మే 8, 9 తేదీల ప్రాంతంలో మధ్యాహ్నం పన్నెండు గంటలకి సూర్యుడు సరిగ్గా నెత్తిమీదికి వస్తాడు. ఆగస్టు మొదటి వారంలో మళ్ళీ ఒకసారి వస్తాడు కానీ అప్పుడు మబ్బులు. కాబట్టి ఇప్పుడే.

ఇసుక తేలిన చోట పిల్లలు క్రికెట్ ఆడుతున్నారు, వంతెన స్తంభం వెనకాల కీపరు లాంటిది. ఆ ఎండలో ఆడటానికి ఆ వయసు ఉండాలి. వికెట్లు మూడూ ఇసుకలో దిగేసి ఉన్నాయి, నీడ ఎక్కడా లేదు. బ్యాట్స్‌మన్ నీడ కాళ్ళ కింద గుప్పెడు. మామూలుగా మిట్టమధ్యాహ్నం వెలుతురుని ఫొటోలవాళ్ళు తిడతారు. కళ్ళు గుంటల్లా పడతాయి, రంగులు పాలిపోతాయి. ఇవాళ మాత్రం ఆ వెలుతురే విషయం. నలుపు తెలుపులోకి మార్చాను. "అక్కా, నీడ లేకపోతే దెయ్యాలా?" అని వికెట్ కీపరు అడిగాడు. ఫొటో చూపిస్తే అందరూ తమ కాళ్ళ కిందికి చూసుకోవడం మొదలుపెట్టారు. ఓవరు అక్కడితో ఆగిపోయింది.

కెమెరా నల్లగా ఉంటుంది కాబట్టి ఎండలో అయిదు నిమిషాలకే చేతికి చురుక్కుమంటోంది. తడి తువ్వాలు కాదు, పొడి తెల్ల తువ్వాలు కప్పాలి.

జూన్

మబ్బులే తప్ప వాన లేదు. ఆఫీసు పని ఎక్కువ. రోడ్డు కం రైలు వంతెన దాటుతూ బండి ఆపడానికి వీల్లేదు, ఆపకూడదు కూడా. కాబట్టి చూసిందంతా చూసినట్టే పోయింది.

జులై

కొత్త నీరు వచ్చింది. ఇక్కడ చినుకు లేకపోయినా ఎగువన మహారాష్ట్ర, తెలంగాణ, ఛత్తీస్‌గఢ్‌లలో కురిసిన వాన ప్రాణహిత, ఇంద్రావతి, శబరి మీదుగా దిగి వస్తుంది. ధవళేశ్వరం దగ్గర నీటిమట్టం 11.75 అడుగులకి చేరితే మొదటి ప్రమాద హెచ్చరిక, 13.75కి రెండోది, 17.75కి మూడోది. ఈ మూడు అంకెలూ మా పిల్లలకి ఎక్కాలతో పాటే వస్తాయి. హెచ్చరిక పడగానే ఘాట్లు మూసేస్తారు, కాబట్టి ఫొటోలన్నీ గట్టు మీద రోడ్డు నుంచే.

ఈ నెల అంతా రంగు మీదే పని. గోదావరి ఎర్రగా, ఇటుకపొడి కలిపినట్టుంది. ఆటో వైట్ బ్యాలెన్స్ ఆ ఎరుపుని చూసి ఏదో తేడా ఉందనుకుని సరిచేసేస్తోంది. ఫొటోలో నీళ్ళు బూడిద రంగులోకి వెళ్ళిపోయాయి. ఎండ గుర్తు దగ్గర, అంటే డేలైట్ మీద, ఖాయంగా పెట్టాక ఎరుపు వచ్చింది. మబ్బు గుర్తు పెడితే మరీ ఎక్కువైంది, నిజం కన్నా ఎర్రగా. డేలైటే సరి. ఫోన్లతో తీసేవాళ్ళకి ఈ అవకాశం ప్రో మోడ్‌లో ఉంటుంది, చాలామంది దాని జోలికి వెళ్ళరు, అందుకే వరద ఫొటోలన్నీ మురికినీటి ఫొటోల్లా ఉంటాయి.

జనం వరద చూడటానికి వస్తారు. నష్టం ఎవరికో, తిరనాళ్ళు ఎవరికో అని విసుక్కునేవాళ్ళున్నారు. నిజమే, నది మధ్య లంకల్లో వాళ్ళ గొడ్లూ సామానూ గట్టుకి చేరుతుంటే ఇటుపక్క మొక్కజొన్న పొత్తులు కాలుతుంటాయి. కానీ వచ్చినవాళ్ళలో సగం మంది ఊరికే చూసిపోరు. పసుపూ కుంకుమా తెస్తారు, ఒక్క కొబ్బరికాయ కొట్టి "చల్లగా వెళ్ళిపో తల్లీ" అని దణ్ణం పెడతారు. ఒకావిడ రెయిలింగు మీద నుంచి పసుపు పొట్లం విప్పి వంపింది. గాలికి పసుపు నీళ్ళదాకా వెళ్ళనే లేదు, అక్కడే ఒక మబ్బులా విడిపోయింది. దాని వెనకాల ఎర్రటి నది, దాని వెనక హేవ్‌లాక్ స్తంభాలకి కొట్టుకుని ఆగిన ఒక చెట్టు, వేళ్ళతో సహా. 1/1000, ఎఫ్/5.6. ఏడాదంతా తీసినవాటిలో ఇదే ఒకటో నంబరు.

పులస ఫొటోలు కూడా ఉన్నాయి. చేప కన్నా దాని ధర విన్నవాళ్ళ మొహాలు బాగా వచ్చాయి.

ఆగస్టు

గాల్లో తేమ. లెన్సుకి బూజు పట్టే కాలం ఇదే. ఏసీ గదిలోంచి కెమెరా నేరుగా బయటికి తెస్తే అద్దం మీద ఆవిరి కమ్ముతుంది, బ్యాగు జిప్పు తీయకుండా ఓ ఇరవై నిమిషాలు ఉంచితే చాలు. మూత బిగుతుగా ఉండే ప్లాస్టిక్ డబ్బాలో సిలికా జెల్ పొట్లాలు వేసి అందులో పెడుతున్నాను. రంగు మారే రకం సిలికా కొనండి, ఎప్పుడు ఆరబెట్టాలో అదే చెబుతుంది.

డార్క్‌టేబుల్ అనే ఫొటో సాఫ్ట్‌వేరుతో కూర్చుని, ఏది ఎంత బాగుందో నక్షత్రాలు వేయడం మొదలుపెట్టాను. ఉచితమే, మొదట్లో కాస్త మొండికేస్తుంది. ఫైళ్ళన్నీ రెండు చోట్ల, ఒకటి ఇంట్లో, ఒకటి మా తమ్ముడి దగ్గర.

సెప్టెంబరు

ముందు అన్నీ మాక్సీ సైజులో, చవగ్గా. హాల్లో నేల మీద పరిచాను. స్క్రీన్ మీద బాగున్నవి కొన్ని కాగితం మీద నిలబడలేదు. సూర్యాస్తమయాలు ఒకదాని పక్కన ఒకటి పెడితే ఏది ఏ నెలదో నాకే తెలియలేదు. ఒక్కటే ఉంచాను, చిన్న సూర్యుడున్నది.

అత్తయ్యగారు కుర్చీ లాక్కుని కూర్చుని ఒక్కోటీ చూశారు. ఆ నల్లద్దం ఫొటో చేతిలోకి తీసుకుని, "ఇది బాగుందమ్మా, కానీ ఇందులో గోదారి ఏది?" అన్నారు. ఇక దాని గురించి చర్చ అనవసరం. హేవ్‌లాక్ మంచు ఫొటో దగ్గర మాత్రం ఆగిపోయారు. పెళ్ళయి కొత్తలో ఈ వంతెన మీదే ప్యాసింజరు బండిలో వచ్చారట, గడ్డర్ల చప్పుడు ఎలా ఉండేదో నోటితో చేసి చూపించారు. మా ఆయన కమాను ఎదురు ఫొటో ఉండాలని పట్టుపట్టారు. లెక్క అంతా వివరించి చెప్పింది నేనే కాబట్టి కాదనలేకపోయాను.

బిళ్ళ చెయ్యి, అయస్కాంతం జంటగా వెళ్తాయి. పసుపు మొదట ఉండాలా చివర ఉండాలా అన్నది తేలలేదు. పన్నెండో చోటు ఖాళీ. రోడ్డు కం రైలు వంతెన మీద నాకు నచ్చిన ఫొటో ఇంకా లేదు, రోజూ దాని మీదే తిరుగుతూ. 2027 పుష్కరాలకి ఘాట్ల రూపం ఎలాగూ మారుతుంది, ఈలోగా కింది నుంచి పైన బస్సూ కింద రైలూ కలిసి వెళ్ళే ఫ్రేము దొరుకుతుందేమో చూడాలి.

ఫొటో ల్యాబులో ఒక మాట ముందే చెప్పి పెట్టుకోవాలి: కరెక్షన్ వద్దు అని. మిషను తనంతట తనే చీకట్లు తీసేసి మొహాలు తెల్లగా చేస్తుంది. పెళ్ళి ఫొటోలకి అది కావాలి, నా ఎర్రటి నీళ్ళకి వద్దు. ఫైలు ఎస్‌ఆర్‌జీబీ అనే మామూలు రంగుల పద్ధతిలో, 6000 బై 4000 పిక్సెళ్ళు అలాగే ఇస్తే 18 అంగుళాలకి అంగుళానికి 333 చుక్కలు వస్తాయి, సరిపోయి మిగులుతుంది. పైగా 12×18 నా కెమెరా ఫ్రేము నిష్పత్తే, ఎక్కడా కత్తిరించక్కర్లేదు.

ముందు పసుపు ఫొటో ఒక్కటి వేయించి చూద్దామనుకున్నాను. గ్లాసీ అయితే ట్యూబ్‌లైటు దాని మీద మెరుస్తుంది, మ్యాట్ కావాలన్నాను. కౌంటరు దగ్గర కుర్రాడు లోపలికి వెళ్ళి వచ్చి, "మ్యాట్ రోలు అయిపోయిందండి, గురువారానికి వస్తుందండి" అన్నాడు. పెన్‌డ్రైవ్ అక్కడే ఇచ్చి వచ్చాను.